మస్టాంగ్ జీటీ 5.0: హైవే మీద లీటరుకి ఏడున్నర కిలోమీటర్లే వస్తా ఉంటే ముందు ఏం చూడాలి?

పెన్నా_గట్టు · నెల్లూరు

కారు ఫోర్డ్ మస్టాంగ్ జీటీ, 5.0 వీ8, ఆరు గేర్ల ఆటోమేటిక్, 2017 మోడల్, సెకండ్ హ్యాండ్. ఓడో 31,000. మైలేజీ లెక్కలన్నీ లీటరుకి కిలోమీటర్లు.
టౌన్లో, అంటే మాగుంట లేఅవుట్ నుంచి వీఆర్సీ సెంటర్, మినీ బైపాస్ వాడకం: 4.3
నెల్లూరు-ఒంగోలు హైవే, ఏసీ వేసి, 90-100 మధ్య, ఫుల్ టు ఫుల్ (ట్యాంకు నింపి, నడిపి, మళ్ళీ నింపి పట్టిన లెక్క): 7.5
ఇదే రోడ్డులో ఇదే స్పీడుకి రెండు నెలల కింద 9.5 వచ్చేది. డ్యాష్‌బోర్డు మాత్రం ఇప్పుడు కూడా 8.4 చూపిస్తా ఉంది. చెక్ ఇంజన్ లైటు లేదు, పికప్ మామూలే. యాడ మొదలుపెట్టాలో చెప్పండన్నా.

ట్రంకు_రోడ్డు · నెల్లూరు

నాలుగొందల గుర్రాల్ని కట్టేసుకొని గడ్డి లెక్క అడిగితే ఎట్టన్నా?

కొత్తపట్నం_గాలి · ఒంగోలు

గడ్డి లెక్క కాదు బాసూ. ఇట్టాంటి కారుకి మైలేజీ అంటే నాడి. వందకి పదిన్నర లీటర్లు తాగే బండి పదమూడు పైన తాగతంది. పెరిగిన ఆ దగ్గర దగ్గర మూడు లీటర్లు ఎక్కడో వేడి అయినా అవుతా ఉండాలి, కాలకుండా సైలెన్సర్ లోంచి అయినా పోతా ఉండాలి, లేదా లెక్కే తప్పయి ఉండాలి. డబ్బులున్నోడైనా అది తేల్చుకోవాల్సిందే.

ముందు ఈ కారుకి ఎంత రావాలో చూద్దాం. అమెరికా ప్రభుత్వ లెక్కలో 2015 మోడల్ జీటీ ఆటోమేటిక్‌కి సిటీ 16, హైవే 25, రెండూ కలిపి 19. అవి గ్యాలన్‌కి మైళ్ళు. 0.425తో గుణిస్తే మన లెక్క: సిటీ 6.8, హైవే 10.6, కలిపి 8.1. బ్రిటిష్ సైట్లలో చూసిన నంబర్ని మాత్రం ఇట్టా గుణించొద్దు. వాళ్ళ గ్యాలన్ పెద్దది, 0.354తో గుణించాలి. యూట్యూబ్‌లో సగం గొడవలు దీని మీదే.

అమెరికా సిటీ అంటే మన ఆత్మకూరు బస్టాండు కాదు. కాబట్టి టౌన్లో 4.3కి కంగారు పడబాకు. ఇంజన్ వేడెక్కేలోపే ఇల్లు వచ్చే రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడుకి 5.0 వీ8 అంతే తాగిద్ది. ఏసీ వేసుకొని నిలబడి ఉంటే గంటకి రెండు లీటర్ల దాకా పోయిద్ది. పది నిమిషాల ట్రాఫిక్ జామ్‌కి మూడొందల మిల్లీలీటర్ల పైనే. హైవేలో 7.5 మాత్రం తప్పే.

కావలి_డబుల్‌డిక్లచ్ · కావలి

డ్యాష్ 8.4, ఫుల్ టు ఫుల్ 7.5 అంటున్నావు. పన్నెండు శాతం తేడా. డ్యాష్ ఎప్పుడూ కాస్త గొప్పలు చెప్పుద్ది, అయినా ఇంత తేడా ఉంటే ఫుల్ టు ఫుల్ పట్టడంలోనే పొరపాటు ఉండి ఉండొచ్చు. ఎట్టా పట్టావో చెప్పు. సరైన పద్ధతి ఇది.

ఒకే బంకు, ఒకే గన్ను, బండి ఒకే దిక్కుకి నిలబెట్టాలి. మస్టాంగ్‌కి పెట్రోలు మూత ఉండదు, గన్ను పెడితే లోపలి రేకు తనే తెరుచుకుంటుంది. గన్ను చివరిదాకా దిగకపోతే నురుగొచ్చి నాలుగైదు లీటర్ల ముందే టక్కుమని ఆగిపోద్ది. పూర్తిగా దించి, మధ్యస్తం స్పీడులో పట్టించి, మొదటి టక్కుకి ఆపాలి. పది సెకన్లు ఆగి గన్ను తియ్యాలి. ట్రిప్ మీటరు సున్నా చెయ్యాలి. కనీసం నలభై లీటర్లు కాలినాక మళ్ళీ అక్కడే, అట్టాగే. ఇరవై లీటర్లతో లెక్క కట్టావంటే లీటరున్నర తేడాకే ఏడెనిమిది శాతం ఎగిరిపోద్ది.

"రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్" అంటాడు బంకు పిలగాడు. వద్దని గట్టిగా చెప్పు. లెక్క చెడిపోవడం ఒక ఎత్తు. అసలు నష్టం వేరే: మొదటి టక్కు తర్వాత నొక్కి నొక్కి పోస్తే పెట్రోలు ఆవిరి పట్టే బొగ్గు డబ్బాలోకి పోద్ది. అది తడిసిందంటే పర్జ్ వాల్వ్ (ఆ ఆవిరిని ఇంజన్‌లోకి వదిలేది) తెరిచినప్పుడల్లా ఇంజన్‌లోకి లెక్కలేని పెట్రోలు. పెట్రోలు పట్టించి బయల్దేరేటప్పుడు సెల్ఫ్ తీసుకోవడానికి మొండికేస్తే దాని మీద అనుమానం పెట్టుకోవాలి.

ట్రంకు_రోడ్డు · నెల్లూరు

61 లీటర్ల ట్యాంకులో 62 కొట్టారని ఒక గ్రూపులో గొడవ చూశా. బంకు మోసమా?

కావలి_డబుల్‌డిక్లచ్ · కావలి

ఒక్క లీటరుకి మోసం అనలేం. కంపెనీ చెప్పే కెపాసిటీలోకి పైన ఖాళీ, గొట్టం రావు. అనుమానం ఉంటే ప్రతి బంకులో తూనికలు కొలతల వాళ్ళ ముద్ర ఉన్న 5 లీటర్ల క్యాన్ ఉంటుంది, అడిగి కొలిపించుకో. 25 మి.లీ. అటూ ఇటూ అయితే ఫరవాలేదు.

మైపాడు_అల · నెల్లూరు

అంతా ఈ20 మహిమ అన్నా. ఇరవై శాతం ఇథనాల్ కలిపితే మైలేజీ యాడి నుంచి వస్తాది.

కొత్తపట్నం_గాలి · ఒంగోలు

కొంత నిజం, అంతా కాదు. లీటరు పెట్రోల్లో సుమారు 32 మెగాజౌళ్ళు, లీటరు ఇథనాల్‌లో 21. కలిపి లెక్కేస్తే అసలు ఇథనాల్ లేని పెట్రోలు కంటే ఈ20లో ఆరేడు శాతం తక్కువ, ఈ10 కంటే మూడున్నర శాతం తక్కువ. అదీగాక రెండు నెలల కింద కూడా ఇక్కడ దొరికింది ఈ20నే కదా. ఇరవై శాతం పడిపోయినదాన్ని దాని మీదికి నెట్టలేం.

ఈ20తో అసలు తలనొప్పి బండిని నెలల తరబడి కదపకుండా పెట్టేవాళ్ళకి. ఇథనాల్ తేమని లాక్కుంటుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, గాలి నిండా నీళ్ళే. పావు ట్యాంకుతో షెడ్డులో పెట్టేస్తే మిగతా ముప్పావు భాగం తడిగాలే. నిలిపేది ఉంటే ఫుల్ చేసి నిలపండి.

మైపాడు_అల · నెల్లూరు

95 ఆక్టేన్ పోయిస్తే?

సింగరాయకొండ_5లీ · సింగరాయకొండ

ఆక్టేన్ అంటే బలం కాదబ్బా, ఓర్పు. ఎంత నొక్కినా తనంతట తను అంటుకోకుండా నిలబడటం. లీటర్లో శక్తి మామూలు పెట్రోల్లో ఎంతో 95లోనూ దాదాపు అంతే. 95 అన్నారు కదా అని ఇథనాల్ లేదనుకోవద్దు.

అయితే ఈ ఇంజన్ కంప్రెషన్ 11కి 1, అంటే గట్టిగానే నొక్కుద్ది. మే నెల మధ్యాహ్నం 43 డిగ్రీల్లో, ఏసీ వేసి, తక్కువ ఆర్పీఎంలో గట్టిగా తొక్కితే మామూలు పెట్రోలుతో నాక్ సెన్సర్ (పెట్రోలు తనంతట తను అంటుకుంటే పసిగట్టేది) పలికి ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటరు, స్పార్క్ టైమింగ్ వెనక్కి లాగుద్ది. అప్పుడు శక్తీ తగ్గిద్ది, మైలేజీ కూడా. అట్టాంటి డ్రైవింగుకి 95 పనికొస్తుంది. హైవేలో 90 మీద నిదానంగా పోయేవాడికి టైమింగ్ వెనక్కి పోయే పనే లేదు, తేడా కనపడదు. చూసుకోవాలంటే మామూలు పెట్రోలుతో రెండు ట్యాంకులు, 95తో రెండు ట్యాంకులు, అదే రోడ్డు. లీటరు మీద ఎంత శాతం ఎక్కువ పెట్టావో అంత శాతం మైలేజీ పెరిగితేనే గిట్టినట్టు. ఈ రోడ్ల మీద, ఈ వాడకానికి అది గిట్టదనే నా మాట.

ఇక అసలు సంగతికొద్దాం. పెన్నా_గట్టు, ఈ నాలుగూ చూసి రాయి:

ఒకటి, తెల్లారకముందు, బండి కదలకముందు టైర్లలో గాలి. డ్రైవర్ డోరు ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది, మామూలుగా 32 పీఎస్ఐ. మధ్యాహ్నం బంకులో చూస్తే ఎండకీ రాపిడికీ నాలుగైదు ఎక్కువ చూపిస్తుంది, సరిగ్గానే ఉందని మోసపోతాం. నైట్రోజన్ పట్టిస్తే మైలేజీ పెరుగుతుందని చెప్పేవాడికి దండం పెట్టి వచ్చెయ్యి.

రెండు, ఓబీడీ ప్లగ్ (ఈసీయూ లెక్కలు ఫోన్లో చూపించేది) పెట్టి లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలుని ఎంత శాతం ఎక్కువ తక్కువ చేస్తోందో ఆ అంకె. బ్యాంకు 1, బ్యాంకు 2 (వీ8లో ఒక్కో వైపు నాలుగు సిలిండర్లు) రెండూ. ఇంజన్ బాగా వేడెక్కినాక ఐడిల్‌లో ఒకసారి, నిలకడగా 80లో ఒకసారి.

మూడు, అదే ప్లగ్‌లో కూలెంట్ టెంపరేచర్. హైవేలో 85-100 మధ్య నిలబడాలి. 70 దగ్గరే ఊగుతా ఉంటే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని ఆపి ఉంచే వాల్వ్) తెరుచుకొని ఇరుక్కుపోయినట్టు. ఇంజన్ ఇంకా చల్లగా ఉందనుకొని ఈసీయూ పెట్రోలు ఎక్కువ పోస్తా ఉంటుంది. చలి దేశాల్లో హీటర్ రాకపోతే ఇట్టే తెలిసిపోద్ది. మనం హీటర్ వేసేదెప్పుడు? అందుకే ఇక్కడ ఇది నెలల తరబడి బయటపడదు. పీ0128 కోడు పడితే అదే.

నాలుగు, ఇరవై కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి, మెల్లగా ఆగి, నాలుగు చక్రాల డిస్కుల వేడి. ఇన్‌ఫ్రారెడ్ గన్నుతో. చేత్తో ముట్టుకోబాకు, బొబ్బలెక్కుతాయి.

కావలి_డబుల్‌డిక్లచ్ · కావలి

ట్రిమ్ ఎట్టా చదవాలో కూడా చెప్పేస్తే అయిపోద్ది. రెండు బ్యాంకులూ +3 నుంచి +6 మధ్య ఉంటే అది ఈ20 వల్ల, ఆ ఇంధనానికి గాలితో పోలిస్తే పెట్రోలు వాటా ఎక్కువ కావాలి, ఈసీయూ సర్దుకుంటుంది. జబ్బు కాదు.
రెండూ +10 దాటితే: ఐడిల్‌లో ఎక్కువ, 80లో తక్కువ అయితే ఎక్కడో గొట్టం గాలి పీలుస్తోంది. అటుదిటు అయితే, అంటే స్పీడులో ఎక్కువైతే, మాఫ్ సెన్సర్ (ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచేది) మురికి, లేదా పెట్రోలు పంపు నీరసం.
ఒక్క బ్యాంకే తప్పయితే ఆ వైపు ఆక్సిజన్ సెన్సర్, లేదా ఆ వైపు ఎగ్జాస్ట్ లీకు.
మైనస్ పదికి పోతే బొగ్గు డబ్బా, పర్జ్ వాల్వ్, కారే ఇంజెక్టర్.

మాఫ్ కడగాలంటే మాఫ్ క్లీనర్ స్ప్రే మాత్రమే. కార్బ్ క్లీనర్ కొడితే లోపలి సన్న తీగ పని అయిపోద్ది. దూదీ, గుడ్డా తగలకూడదు, పావుగంట ఆరనివ్వాలి. నూనె పూసే ఫిల్టర్లు వేసుకున్నవాళ్ళకి ఈ జబ్బు ఎక్కువ, నూనె కాస్త ఎక్కువైతే నేరుగా తీగ మీదే పడుద్ది.

మైపాడు_అల · నెల్లూరు

బ్రేకు పట్టేసుందేమో. ముందు కాలిపర్ల (ప్యాడ్లని డిస్కుకి నొక్కేవి) స్లైడ్ పిన్నులు, అంటే అవి జారే కడ్డీలు, తీసి గ్రీజు పెడితే సరిపోతాది. సముద్రం గాలికి ఇక్కడ అందరికీ తుప్పే.

సింగరాయకొండ_5లీ · సింగరాయకొండ

సముద్రం గాలి సంగతి నిజమే గాని జీటీకి ముందు కాలిపర్లకి స్లైడ్ పిన్నులు ఉండవు. అవి ఫిక్స్‌డ్ కాలిపర్లు, రెండు వైపులా పిస్టన్లు. పిన్నులు ఉండేది వెనక. హ్యాండ్ బ్రేకు తీగ కూడా ఆ వెనక కాలిపర్ మీది లివర్‌నే లాగుద్ది. వానాకాలంలో హ్యాండ్ బ్రేకు లాగి వారం పది రోజులు వదిలేస్తే ఆ లివర్ మొదట్లో తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి రాదు. ప్యాడ్ డిస్కుని రాసుకుంటానే ఉంటుంది. నాలుగొందల గుర్రాల బండిలో ఆ బరువు డ్రైవర్‌కి తెలియదు. ఆల్టోలో అయితే తొలి రోజే తెలిసిపోయేది.

పెన్నా_గట్టు · నెల్లూరు

రీడింగులు:
టైర్లు, పొద్దున అయిదున్నరకి: ముందు 29, 29. వెనక 28, 27.
ట్రిమ్: బ్యాంకు 1 +4.7, బ్యాంకు 2 +5.5. ఐడిల్, 80 రెండింటిలో దాదాపు అంతే.
కూలెంట్: 92-96.
డిస్కులు: ముందు 61, 63. వెనక కుడి 58, వెనక ఎడమ 131.

కొత్తపట్నం_గాలి · ఒంగోలు

దొరికింది దొంగ. వెనక ఎడమ. ఇంజన్ జోలికి పోబాకు, అది శుభ్రంగా ఉంది.

సింగరాయకొండ_5లీ · సింగరాయకొండ

అదే. వెనక రెండు చక్రాలూ జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు దించి ఎడమ చక్రం చేత్తో తిప్పి చూడండి. ముందు రెండు చక్రాలకీ చెక్కలు అడ్డం పెట్టడం మర్చిపోవద్దు, న్యూట్రల్‌లో ఉంది. గట్టిగా ఉంటే కాలిపర్ మీద లివర్ దగ్గర తీగ ఊడదీసి మళ్ళీ తిప్పండి. తేలికైతే తీగలో తుప్పు. తేలిక కాకపోతే లివర్‌ని వేలితో వెనక్కి నెట్టండి, ఆగే చోటికి పూర్తిగా పోతుందో లేదో కనపడుద్ది. పోతా ఉండి కూడా రాపిడి ఉంటే స్లైడ్ పిన్నులు.

పిన్నులు బయటికి తీసి ఎమెరీ పట్టకుండా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పలచగా. బేరింగుల పసుపు గ్రీజు పెడితే రబ్బరు బూటు ఉబ్బి పిన్ను ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ప్యాడ్లు మార్చేది ఉంటే వెనక పిస్టన్‌ని సీ-క్లాంపుతో లోపలికి నొక్కించొద్దు. అది మర పిస్టన్, తిప్పుతా లోపలికి పంపాలి. ఆ టూలు లేని షెడ్డులో నొక్కేస్తారు, లోపలి మర పోద్ది, అప్పుడు కాలిపరే కొత్తది కావాలి. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తామని 2021లోనే చెప్పేసింది, ఈ కారు పార్టు దొరకాలంటే వారాలు పడుద్ది.

వానాకాలంలో చదునైన చోట పీ లో పెట్టి, చక్రానికి ఇటుక అడ్డం వేసి, హ్యాండ్ బ్రేకు లాగకుండా వదిలేయండి.

కావలి_డబుల్‌డిక్లచ్ · కావలి

రిపేరు అయ్యాక టెస్టు ఎక్కడ చేస్తావు? ముసునూరు టోల్ దాటినాక మొదలుపెట్టి టంగుటూరు టోల్‌కి ముందు ఆపితే మధ్యలో నలభై కిలోమీటర్ల పైన ఎక్కడా పూర్తిగా ఆగే పనిలేదు. ఉలవపాడు దగ్గర మామిడిపళ్ళకి ఆగావంటే లెక్క పోయినట్టే. ఈ బరువు బండిని సున్నా నుంచి వందకి లేపడానికి ఒక్కసారికి సుమారు తొంభై, వంద మిల్లీలీటర్లు. టోల్ దగ్గర ఆగి లేచినప్పుడల్లా ఒక టీ గ్లాసుడు పెట్రోలు పోశాననుకో.

ఈ ముక్కకి డ్యాష్ చాలు. కాలేది నాలుగైదు లీటర్లే, దానికి ఫుల్ టు ఫుల్ కుదరదు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి అడ్డంగా, ఏటవాలుగా కొట్టుద్ది, ఒక దిక్కు లెక్క నమ్మొద్దు. సగటు తీసేటప్పుడు కూడా జాగ్రత్త: పోయేటప్పుడు 12, వచ్చేటప్పుడు 9 అయితే పదిన్నర కాదు. కిలోమీటర్లన్నీ కలిపి లీటర్లన్నిటితో భాగిస్తే 10.3 వస్తుంది.

స్పీడు 80 మీద ఒకసారి, 100 మీద ఒకసారి. 80 నుంచి 100కి పోతే గాలి తోపుడు ఒకటిన్నర రెట్లు దాటిద్ది. 120కి రెండుంపావు రెట్లు, అయినా నాలుగు లైన్ల రోడ్డు మీద వందే లిమిట్, అంతకు మించి టెస్టు అక్కర్లేదు. మోడ్ నార్మల్. స్పోర్ట్ ప్లస్‌లో గేరు తొందరగా పైకి పోదు. వంద దగ్గర ఆరో గేరులో టాకో (ఆర్పీఎం మీటరు) చూడు: 1,700 దరిదాపుల్లో ఉంటే వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.15, 1,900 దగ్గరుంటే 3.55. రెండోదైతే అమెరికా వాళ్ళ 10.6 మీద ఆశ పెట్టుకోబాకు.

ముందు వాహనం నెమ్మదిస్తే కాలు తీసేసి గేరులోనే వదిలెయ్యి. ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. న్యూట్రల్ కొట్టే అలవాటుంటే ఐడిల్‌కి పెట్రోలు తగలేసుకుంటున్నట్టే.

ట్రంకు_రోడ్డు · నెల్లూరు

నాదీ ఒక మైలేజీ టిప్పు. తమిళనాడులో లీటరు ఎనిమిది రూపాయల దాకా తక్కువ. తడ దాటి ఆరంబాక్కంలో కొట్టించుకోండి.

కొత్తపట్నం_గాలి · ఒంగోలు

చెన్నై నుంచి తిరిగొచ్చేవాడికి మంచి మాటే. పనిగట్టుకొని పోయేవాడికి? రానూపోనూ 200 కిలోమీటర్లు, తొమ్మిది లెక్కన 22 లీటర్లు, రెండువేలకి పైన. 55 లీటర్ల మీద మిగిలేది 440. టోళ్ళు వేరే. కానియ్యి.

మైపాడు_అల · నెల్లూరు

ఆయిల్ గురించి ఎవరూ మాట్లాడలేదే?

సింగరాయకొండ_5లీ · సింగరాయకొండ

మంచి ప్రశ్న. 2015-17 జీటీకి 5డబ్ల్యూ-20, ఫిల్టరుతో కలిపి సుమారు 7.6 లీటర్లు. టౌన్లో ఆ గ్రేడు అడిగితే "ఎండకి పలచన అన్నా, 20డబ్ల్యూ-50 వేద్దాం" అంటారు. వేశారంటే పంపు ఆ చిక్కటి నూనెని తోయడానికే శక్తి పోద్ది. అంతకంటే పెద్ద సంగతి, ఈ ఇంజన్లో క్యామ్ టైమింగ్ (వాల్వులు ఎప్పుడు తెరవాలనేది) మారడం కూడా ఆయిల్ మీదే ఆధారపడుద్ది. చిక్కదనం మారితే అది ఆలస్యంగా పలుకుద్ది. నాలుగు లీటర్ల క్యాన్లు రెండు ముందే తెప్పించి పెట్టుకోండి.

పెన్నా_గట్టు · నెల్లూరు

లివర్ మొదట్లోనే తుప్పు, సగం దాకే వెనక్కి వచ్చేది. విప్పి శుభ్రం చేసి, పిన్నులకి సిలికాన్ గ్రీజు. టైర్లు నాలుగూ 32. డిస్కులు ఇప్పుడు 57, 60, 54, 55.
ముసునూరు-టంగుటూరు, డ్యాష్ మీద, రెండు దిక్కులూ కలిపి: 80 మీద 11.3, 100 మీద 9.9.
నెల్లూరు-ఒంగోలు రానూపోనూ, మామూలుగా, ఫుల్ టు ఫుల్, 24.5 లీటర్లు: 9.6.
టాకో వంద దగ్గర 1,900.

కావలి_డబుల్‌డిక్లచ్ · కావలి

24.5 లీటర్లు తక్కువ, ఇంకో ట్యాంకు చూడు. వెనక టైరు సైజు ఎంత? కంపెనీది 275/40 ఆర్19.

పెన్నా_గట్టు · నెల్లూరు

275/35 ఆర్19. కొన్నప్పుడే ఉన్నాయి.

కావలి_డబుల్‌డిక్లచ్ · కావలి

అనుకున్నా. చుట్టుకొలత నాలుగు శాతం చిన్నది. హైవే రాళ్ళ మీద 50 కిలోమీటర్లు నడిపి ట్రిప్ చూడు, 52 చూపిస్తుంది. నీ 9.6ని 1.04తో భాగించు: 9.2.

ట్రంకు_రోడ్డు · నెల్లూరు

బ్రేకు బాగుచేసి ఇచ్చింది, టైరు గుంజుకునింది.

కొత్తపట్నం_గాలి · ఒంగోలు

గుంజుకోలేదు. పాత 9.5, 7.5 కూడా ఆ టైర్ల మీద తీసినవే, కాబట్టి పోలిక చెల్లుద్ది. 3.55 యాక్సిల్‌కి, ఈ20కి, ఏసీతో 9.2 అంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టే. వెనక టైర్లు అరిగి మార్చేటప్పుడు 275/40కి పో. వంద దగ్గర ఆర్పీఎం కూడా నిజానికి డెబ్బై ఎనభై తగ్గుద్ది. ఇంకో నెల ఆగి వెనక ఎడమ డిస్కు వేడి మళ్ళీ ఒకసారి చూసి ఇక్కడే రాయి. కుడి కంటే 20 డిగ్రీలు పైన కనపడితే లివర్ మళ్ళీ మొండికేస్తున్నట్టు, ఆ సారి కాలిపర్ రిపేర్ కిట్టు ముందే ఆర్డర్ పెట్టుకో.